గోల్ ముందు నిలబడే కుర్రాడికి ఎన్నేళ్ల గడువు?

2018లో మెల్‌బోర్న్‌లోని కార్ల్‌టన్ ఫుట్‌బాల్ జట్టు ఆడిన 22 మ్యాచ్‌లలో రెండే గెలిచింది. ఆ ఏడాది ఒక ఓటమి తర్వాత మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ నుంచి రిచ్‌మండ్ స్టేషన్‌కు నడిచి, కిక్కిరిసిన రైలెక్కి, ముదురు నీలం మఫ్లర్లు చుట్టుకున్న తండ్రీకొడుకుల పక్కన నిలబడి ఇంటికి వచ్చాను. నాలుగు స్టేషన్లు దాటేవరకు వాళ్లు మాట్లాడుకున్నది ఒక్క ఆటగాడి గురించే. పేరు జేకబ్ వైటరింగ్, అప్పటికి వయసు 20 ఏళ్లు. డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతిలో, దక్కిన మొదటి ఎంపికను ఆ కుర్రాడి మీద వృథా చేసుకున్నామని తండ్రి తేల్చేశాడు. కొడుకు అంతదూరం వెళ్లలేదు గానీ, అతన్ని వెనక, గోల్స్ ఆపే చోటు నుంచి తీసి గోల్స్ కొట్టే పనికి ముందుకు పంపాలని పట్టుబట్టాడు. నేను వాళ్ల మాటల్లో కల్పించుకోలేదు. కానీ ఆ నెలలోనే మా ఆఫీసులో మధ్యాహ్న భోజనాల దగ్గర అంతకంటే కటువైన మాట నేనే అన్నాను: ఈ కుర్రాడికి పెద్దవాళ్ల ఆట పట్టుబడదని. అది తప్పని తర్వాత ఆటే తేల్చింది. అయితే ఆ తీర్పు తప్పని గ్రహించడానికి ఆనాడు నా కళ్లముందున్న ఆధారాలే చాలు. నేనూ, స్టాండ్లలో నా చుట్టూ కూర్చున్న అన్ని వేలమందీ వాటిని ఎందుకు చూడలేకపోయామన్న ప్రశ్న నన్ను ఇన్నేళ్లుగా వదలడం లేదు.

ఆ మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎమ్‌సీజీ) అంటే తెలుగు పాఠకులకు 2024 డిసెంబరులో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 114 పరుగులు చేసిన మైదానం. క్రికెట్ సీజన్ ముగిశాక, మార్చి నుంచి సెప్టెంబరు దాకా అది ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ మైదానం. ఇక్కడివాళ్లు ఆ ఆటను ఫుటీ అంటారు. ఒక్కో జట్టుకు మైదానంలో 18 మంది ఉంటారు. రెండు కొసల్లోనూ నాలుగేసి స్తంభాలు ఉంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి బంతిని తన్నితే 6 పాయింట్లు, పక్క ఖాళీల్లో పడితే ఒక్క పాయింటు. సాకర్‌లో ఉన్నట్టు ఇక్కడ గోల్‌కీపర్ లేడు, ఆఫ్‌సైడ్ లేదు. కనీసం 15 మీటర్లు ప్రయాణించి వచ్చిన తన్నును నేల తాకకముందే ఒడిసిపడితే దాన్ని మార్క్ అంటారు. మార్క్ పట్టినవాడికి ఎవరూ అడ్డురాకుండా తన్నే హక్కు వస్తుంది. కాబట్టి గోల్ ముందు నిలబడే ఫుల్ ఫార్వర్డ్ జీవితమంతా మార్క్ కోసమే, అతని పక్కనే భుజం ఆనించి నిలబడే ఫుల్ బ్యాక్ జీవితమంతా ఆ మార్క్ పడకుండా చూడడం కోసమే.

ఆ చూడడంలో ఎంత ఇరుకు ఉందో గమనించాలి. ఎదుటివాడి చేతులమీద కొడితే ఫ్రీ కిక్, వెనక నుంచి తోస్తే ఫ్రీ కిక్. డిఫెండర్‌కు మిగిలేది గాలిలో ఉన్న బంతిని పిడికిలితో పక్కకు గుద్దడం, అంటే స్పాయిల్. అంతకంటే మేలైనది, బంతి ఎక్కడ దిగుతుందో ముందే పసిగట్టి తానే మార్క్ పట్టడం. ఫార్వర్డ్‌కు తాను ఎటు పరుగెత్తబోతున్నాడో తెలుసు. డిఫెండర్‌కు తెలియదు. ఫార్వర్డ్ పది బంతుల్లో ఆరు పోగొట్టుకుని నాలుగింటిని గోల్స్ చేస్తే మరుసటి రోజు అతనే వీరుడు. డిఫెండర్ ఆ పదిలో ఆరు ఆపి నాలుగు వదిలితే, జనానికి గుర్తుండేది ఆ నాలుగే. వికెట్‌కీపర్ రోజంతా శుభ్రంగా పట్టిన బంతులను ఎవరూ లెక్కపెట్టరు, వదిలేసిన ఒక్క క్యాచ్ మాత్రం సాయంత్రం దాకా తెరమీద తిరుగుతూనే ఉంటుంది. క్రికెట్ చూసే మనకు ఈ అన్యాయం తెలియనిది కాదు. ఫుల్ బ్యాక్ విషయంలో అది మరీ ఎక్కువ, ఎందుకంటే అతను చేసిన అతి మంచి పని వల్ల కొన్నిసార్లు బంతి అతని వైపుకే రాదు. ఎదురుగా అతను సరైన చోట నిలబడి ఉండడం చూసి తన్నేవాడు మనసు మార్చుకుని మరోవైపు తన్నుతాడు. ఆ పనికి ఏ పట్టికలోనూ గడి లేదు.

ఇక డ్రాఫ్ట్. 1986 నుంచి నడుస్తున్న ఈ పద్ధతిలో ముందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన క్లబ్బుకు ఆ ఏటి కుర్రాళ్లలో తొలి ఎంపిక హక్కు దక్కుతుంది. బలహీనులను పైకి తేవడానికి చేసిన ఏర్పాటు ఇది, ఉద్దేశం మంచిదే. కానీ దీని ఫలితం ఆటగాడి స్థానాన్ని బట్టి మారుతుందన్న సంగతి చర్చల్లో దాదాపు ఎప్పుడూ రాదు. చెడ్డ జట్టులో చేరిన మంచి మిడ్‌ఫీల్డర్‌కు బంతి పుష్కలంగా దొరుకుతుంది. జట్టు ఓడినా అతని అంకెలు మెరుస్తాయి. చెడ్డ జట్టులో చేరిన ఫార్వర్డ్‌కు బంతి అరుదుగా అందుతుంది; గోల్స్ లేకపోతే పాపం బంతి రాలేదని అభిమానులే సర్దిచెబుతారు. చెడ్డ జట్టులో చేరిన డిఫెండర్ పరిస్థితి వేరు. మధ్యలో ఓడిపోయిన ప్రతి బంతీ వరదలాగా అతని మీదికే వస్తుంది, ఆ వరదలో అతను ఎంత తడిశాడన్నదాన్నిబట్టి అతని విలువ కడతారు. ఆ ఏటి అందరిలోకీ మేటి కుర్రాడు డిఫెండర్ అయితే, పద్ధతి ప్రకారం అతను వెళ్లేది తన పని అత్యంత కష్టమైన చోటుకే.

వైటరింగ్ కథ అక్కడే మొదలైంది. 2015 సీజన్‌లో నాలుగే గెలిచి అట్టడుగున నిలిచిన కార్ల్‌టన్, ఆ నవంబరులో జరిగిన డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా అతన్ని తీసుకుంది. 18 ఏళ్లు అప్పుడే నిండిన, దాదాపు 195 సెంటీమీటర్ల పొడగరి, మెల్‌బోర్న్‌కు దక్షిణాన మార్నింగ్‌టన్ ద్వీపకల్పం నుంచి వచ్చినవాడు. సాధారణంగా మొదటి ఎంపిక మిడ్‌ఫీల్డర్‌కో ఫార్వర్డ్‌కో దక్కుతుంది. అలాంటిది ఒక డిఫెండర్ మీద అంత నమ్మకం పెట్టినప్పుడు క్లబ్బులో ఆటగాళ్ల ఎంపిక బాధ్యత చూసినది స్టీఫెన్ సిల్వాని: అదే కార్ల్‌టన్‌కు 312 మ్యాచ్‌లు ఆడి, 1987, 1995 ప్రీమియర్‌షిప్‌లు, అంటే లీగ్ టైటిళ్లు గెలిచి, 1996లో లీగ్ ప్రకటించిన శతాబ్దపు జట్టులో ఫుల్ బ్యాక్ స్థానం పొందినవాడు. ఈ పని ఎంత కష్టమో, నేర్చుకోవడానికి ఎంత కాలం పడుతుందో ఆ దేశంలో అతనికి తెలిసినంతగా మరెవరికి తెలుసు? ఆ ఎంపిక చేసినవాడు ఎవరన్నది మేమంతా గర్వంగా చెప్పుకున్నాం, తర్వాత మొదట మరచిపోయిందీ అదే.

2016 మార్చిలో రిచ్‌మండ్‌పై అతని తొలి మ్యాచ్ చూడడానికి నా సహోద్యోగి నన్ను వెంట తీసుకెళ్లాడు. అతని తాత, తండ్రి, అతనూ కార్ల్‌టన్‌వాళ్లే. నేను ఈ నగరానికి వచ్చి ఏడాది కూడా కాలేదు, నాకు ఏ జట్టూ లేదు. ఆ రాత్రి కార్ల్‌టన్ 9 పాయింట్ల తేడాతో ఓడింది. అయినా స్టాండ్‌లో అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి, ఎందుకంటే 18 ఏళ్ల కుర్రాడు పదేళ్లు ఆడినవాడిలా నిబ్బరంగా నిలబడ్డాడు. ఇక పన్నెండేళ్లు వెనక్కి చూసుకోనక్కరలేదని సహోద్యోగి అన్నాడు. ఆ రాత్రే నేను కార్ల్‌టన్ మనిషినయ్యాను. చివరి ప్రీమియర్‌షిప్ 1995లో గెలిచిన జట్టుకు అభిమాని కావడమంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. తెలిసినా మారేవాణ్ని కాదు.

ఆ తొలి ఏడాది పొగడ్తే రెండు, మూడో ఏళ్లలో అతనికి శిక్షయింది. 2016లో జట్టు ఏడు గెలిచింది, 2017లో ఆరు, 2018లో రెండు. జట్టు జారిన కొద్దీ కుర్రాడు జారినట్టే కనిపించాడు, 2018లో అతన్ని కొన్నాళ్లు రెండో శ్రేణి పోటీ అయిన వీఎఫ్‌ఎల్‌కు, అప్పట్లో కార్ల్‌టన్‌కు అనుబంధంగా ఉన్న నార్తర్న్ బ్లూస్ జట్టుకు పంపారు. మొదటి ఎంపికను రెండో జట్టుకు పంపడం అంటే ఈ నగరంలో మామూలు వార్త కాదు. రైళ్లలో, ఆఫీసుల్లో, పబ్బుల్లో, పిల్లల మ్యాచ్‌ల పక్కన నిలబడిన తల్లిదండ్రుల మధ్య అదే చర్చ.

ఆ చర్చలో అందరికంటే గట్టిగా వినిపించిన వాదన, అదే డ్రాఫ్ట్‌లో నాలుగో ఎంపికగా మెల్‌బోర్న్ క్లబ్బు తీసుకున్న క్లేటన్ ఆలివర్‌తో పోలిక. ఆలివర్ మిడ్‌ఫీల్డర్, 2017లో, అంటే రెండో సీజన్‌లోనే తన క్లబ్బు ఉత్తమ ఆటగాడి పతకం గెలిచాడు. వైటరింగ్ అదే సమయంలో తడబడుతున్నాడు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూసినవాడికి తీర్పు తేలికే. కానీ మిడ్‌ఫీల్డర్ బంతి ఉన్నచోటుకు తాను వెళతాడు. అతని శరీరంలో బలం, ఊపిరి, దూకుడు ఉంటే 20 ఏళ్లకే రాణించవచ్చు. ఫుల్ బ్యాక్ ఎదురుగా నిలబడేది 27 ఏళ్లో 30 ఏళ్లో ఉన్న, వంద కిలోల బరువున్న, వందల గోల్స్ కొట్టిన మనిషి. 20 ఏళ్ల ఎముకలతో ఆ మనిషిని భుజంతో ఆపడం ఒక ఎత్తు. అతను వేసే ప్రతి మోసపు అడుగునూ ఒక్కసారైనా అనుభవించి ఉండడం మరో ఎత్తు. మొదటిది జిమ్‌లో రెండేళ్లలో వస్తుంది. రెండోది మోసపోతేనే వస్తుంది, ఎన్నిసార్లు మోసపోవాలో ఎవరూ చెప్పలేరు. మామిడి మొక్కనూ మునగ మొక్కనూ ఒకే రోజు నాటి, మొదటి ఏడాది తిరగగానే మామిడిని తిట్టినట్టుంది ఆ పోలిక.

ముందుకు పంపాలన్న వాదనను నేను అంత తేలిగ్గా కొట్టిపారేయను. పొడుగు, మంచి చేతులు ఉన్నవాడు ఫార్వర్డ్‌గా పనికిరావచ్చు. కానీ ఆ రోజుల్లోనే మా బద్ధశత్రువు కాలింగ్‌వుడ్‌లో దీనికి సరిగ్గా తిరగేసిన కథ నడుస్తోంది. 1979, 1984లలో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం గెలిచిన పీటర్ మూర్ కొడుకు డార్సీ మూర్ ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి, అక్కడ కుదురుకోలేక, వెనక్కి వెళ్లాక వికసించాడు. 2023లో కెప్టెన్‌గా ప్రీమియర్‌షిప్ అందుకున్నాడు. కాబట్టి స్థానం మార్చడం తప్పు కాదు. ఏ కారణంతో మారుస్తున్నామన్నదే తప్పొప్పులను తేలుస్తుంది. మూర్ ఎగిరే తీరు, బంతిని చదివే తీరు వెనక స్థానానికి సరిపోతాయి. వైటరింగ్‌ను ముందుకు పంపమన్నవాళ్లలో ఎవరూ అతని ఆటలో ఫార్వర్డ్ లక్షణాలు ఇవీ అని చూపలేదు. వెనక కష్టపడుతున్నాడు కాబట్టి ముందుకు పంపమన్నారు. కష్టపడే చోటునుంచి తప్పించడాన్ని ఎదుగుదల అనుకున్నారు.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధించే సంగతికి వస్తాను. 2017లో కార్ల్‌టన్ వెనక వరసను నడిపినవాడు సామ్ డాకర్టీ. ఆ ఏడాది ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో, అంటే లీగ్ మొత్తంలోని మేటి ఆటగాళ్లతో ఏటా ప్రకటించే జట్టులో, చోటు సంపాదించాడు. సీజన్ ముగిశాక 2017 నవంబరులో శిక్షణలో మోకాలి లిగమెంట్ తెగింది. 2018 మొత్తం ఆడలేదు. కోలుకుని తిరిగి వస్తున్న దశలో అదే మోకాలు మళ్లీ తెగి 2019 కూడా పోయింది. డిఫెండర్ల వరస అంటే ఆరుగురు విడివిడి మనుషులు కారు. ఒకడు మాట్లాడుతూ ఉంటాడు: నువ్వు వాణ్ని వదిలి ఇటు రా, నేను నీవాణ్ని చూసుకుంటాను, వెనక ఖాళీ ఉంది, ఇప్పుడు ఎగురు అని. స్టాండ్‌లో కూర్చున్న మనకు ఆ గొంతు వినబడదు. కుర్రాడికి మాత్రం అది రెండో జత కళ్లు. వైటరింగ్ తన మనిషిని వదిలి ధైర్యంగా బంతి మీదికి వెళ్లగలిగింది, తాను వదిలిన చోటును మరొకరు కప్పుతారన్న నమ్మకం ఉన్నప్పుడే. ఆ గొంతు ఆగిపోయిన ఏడాది అతని అడుగు అర క్షణం ఆలస్యమైంది. ఫుల్ బ్యాక్‌కు అర క్షణం అంటే ఒక గోల్. మేము ఆ గోల్స్ లెక్కపెట్టాం. డాకర్టీ లేకపోవడాన్ని మిడ్‌ఫీల్డ్‌కు బంతి అందించే అతని తన్నుల లోటుగా విచారించామే తప్ప, దానికీ కుర్రాడి తడబాటుకూ ముడివేసిన మనిషి నాకు ఆ ఏడాది ఒక్కడూ తారసపడలేదు. నేను కూడా వేయలేదు.

గోల్స్ లెక్కలోనూ మరో మెలిక ఉంది. ఎదుటి ఫుల్ ఫార్వర్డ్ ఐదు గోల్స్ కొట్టాడంటే ఫుల్ బ్యాక్ ఐదుసార్లు ఓడాడని అనుకుంటాం. కానీ ఇప్పటి ఆటలో జట్టు దాడి చేస్తున్నప్పుడు డిఫెండర్లు గోల్ దగ్గర ఉండిపోరు. బంతి తిరిగి బయటికి రాకుండా మైదానం మధ్యదాకా ముందుకు వెళ్లి గోడలా నిలబడతారు. అక్కడ తన జట్టువాడు ఒక్కడు తప్పుగా తన్ని బంతి పోగొట్టాడా, ఆ గోడ వెనక సగం మైదానం ఖాళీగా ఉంటుంది. డిఫెండర్ వెనక్కి తిరిగి పరుగెత్తాలి, ముఖం గోల్ వైపు, బంతి వీపు వెనక. ఆ గోల్ పడినప్పుడు కెమెరాలో ఫార్వర్డ్ పక్కన కనిపించేది అతనే, పోగొట్టినవాడు తెరమీద ఎక్కడా ఉండడు. 2018లో కార్ల్‌టన్ ఇలాంటివి లెక్కలేనన్ని ఇచ్చుకుంది. ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని, ఓడిపోయిన ఒక మ్యాచ్ వీడియోను ఆపి ఆపి చూశాను. అతని మనిషి కొట్టిన గోల్స్‌లో నిజంగా ఇద్దరూ భుజం భుజం ఆనించి పోటీపడి అతను ఓడినది ఒక్కటే. మిగతావన్నీ బంతి పోయిన చోట మొదలయ్యాయి. ఆ సాయంత్రమే నా మాట వెనక్కి తీసుకున్నాను, మర్నాడు భోజనాల దగ్గర అది చెప్పాను కూడా. ఎవరికీ పెద్దగా పట్టలేదు.

అతన్ని వీఎఫ్‌ఎల్‌కు పంపడం మీద మాత్రం నాకు అప్పుడూ ఇప్పుడూ రెండు మనసులే. అక్కడ బంతి కొంచెం నెమ్మదిగా వస్తుంది, పోటీల్లో గెలుస్తాడు, కోల్పోయిన ధైర్యం తిరిగొస్తుంది. కానీ అతను నేర్చుకోవలసిన మోసపు అడుగులు వేసే ఫార్వర్డ్‌లు అక్కడ ఉండరు. కొన్ని వారాలు ఊపిరి తీసుకోవడానికి పంపితే మంచిదే. నేర్చుకోవడానికి పంపామంటే అది తప్పు. దాన్ని అవమానంగా చూసినవాళ్లూ, మందుగా చూసినవాళ్లూ ఇద్దరూ కాస్త అతిగా చూశారు.

ఇదంతా ఒక్క వైటరింగ్‌కే జరిగిందా అంటే, హ్యారిస్ ఆండ్రూస్‌ను చూడాలి. బ్రిస్బేన్ సొంత అకాడమీలో పెరిగిన అతన్ని 2014 డ్రాఫ్ట్‌లో 61వ ఎంపికగా క్లబ్బు తీసుకుంది. 2015 నుంచి 2018 దాకా నాలుగు సీజన్లలో ఆడిన 88 మ్యాచ్‌లలో బ్రిస్బేన్ గెలిచింది 17. అంటే ఆండ్రూస్ మీదికి వచ్చిన వరద వైటరింగ్ మీదికి వచ్చినదానికేమీ తీసిపోదు. అతనూ తప్పులు చేశాడు, అతనిమీదా గోల్స్ పడ్డాయి. కానీ 61వ ఎంపికను ఎవరూ వృథా అనరు. అతను చేసిన ప్రతి మంచి పనీ అదనపు లాభంగా కనిపించింది. 2019లో బ్రిస్బేన్ 16 గెలిచి రెండో స్థానానికి ఎగబాకిన ఏడాదే ఆండ్రూస్ తొలిసారి ఆల్ ఆస్ట్రేలియన్ అయ్యాడు. ఆ తర్వాత సహ కెప్టెన్‌గా 2024, 2025 ప్రీమియర్‌షిప్‌లు అందుకున్నాడు. ఇద్దరు కుర్రాళ్ల మధ్య తేడా ఒక్క ఏడాది, అరవై అంకెలు. ఆ అంకెలు కుర్రాళ్ల ఆట గురించి చెప్పినదానికంటే మా ఓపిక గురించి చెప్పినదే ఎక్కువ. మొదటి ఎంపిక కావాలని ఏ కుర్రాడూ అర్జీ పెట్టుకోడు. క్లబ్బు పిలిచిన పేరుకు మేము వడ్డీ కట్టి అతని దగ్గర వసూలు చేయబోయాం.

నాకు ఎదురు చెప్పేవాళ్ల దగ్గర ఒక బలమైన మాట ఉంది, అది వినకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు. ఓపిక పట్టిన ప్రతిసారీ ఫలితం రాదు. వైటరింగ్ తర్వాత రెండో ఎంపికగా బ్రిస్బేన్ తీసుకున్న పొడగరి ఫార్వర్డ్ జాష్ షాకీ రెండేళ్లకే క్లబ్బు మారాడు, మొత్తం మూడు క్లబ్బులకు ఆడాడు, రెండో ఎంపిక మీద పెట్టుకున్న ఆశల ఎత్తును అందుకోలేదు. అలాంటివాళ్లు డిఫెండర్లలోనూ ఉన్నారు. గెలిచినవాళ్ల కథలు మాత్రమే చెప్పి ఓపికను సమర్థించడం తేలిక. రిచ్‌మండ్ అలెక్స్ రాన్స్ పేరు అందరూ చెబుతారు: 2009లో తొలి మ్యాచ్, ఐదేళ్లు గడిచాక 2014లో తొలి ఆల్ ఆస్ట్రేలియన్ గౌరవం, అక్కడి నుంచి వరసగా ఐదుసార్లు. కానీ ఐదేళ్లు ఆగితే ఎవరైనా రాన్స్ అవుతారని దాని అర్థం కాదు. ఒప్పుకుంటాను.

అందుకే కళ్లు మూసుకుని ఆగమని నేను అనడం లేదు. సరైన చోట చూడమంటున్నాను. బంతి తన్నబోయే క్షణంలో కుర్రాడు ఎక్కడ నిలబడ్డాడు? పోటీలో ఓడినా సరైన చోట నుంచే ఓడితే అది శరీరం నిండితే తీరే లోపం. తప్పు చోట నుంచి మొదలై పొడుగు చేతులతో గెలిచినా అది రేపు బయటపడే లోపం. పోయిన నెల చేసిన తప్పే ఈ నెలా చేస్తున్నాడా, కొత్త తప్పు చేస్తున్నాడా? కొత్త తప్పులు చేసే కుర్రాణ్ని నేను నమ్ముతాను. అన్నిటికంటే ముఖ్యంగా, గోల్ పడిన తర్వాత వచ్చే తొలి బంతికి అతను ఎలా కదులుతున్నాడు? భయపడినవాడు తన మనిషి చొక్కా పట్టుకుని వేలాడతాడు, బంతిని చూడడం మానేస్తాడు. 2018లోనూ వైటరింగ్ ఆ భయంలో పడలేదని నేను చూసిన వీడియోలో స్పష్టంగా కనబడింది: ఓడిన వెంటనే వచ్చిన బంతికి కూడా అతను ఎగరడానికే వెళ్లాడు. ఆలస్యంగానే, కానీ వెళ్లాడు. నాకు ఆధారాలు కళ్లముందే ఉన్నాయని మొదట అన్నది దీని గురించే.

ఏళ్లను లెక్కపెట్టే పద్ధతినీ మార్చుకోవాలి. 2021 డ్రాఫ్ట్‌లో తొమ్మిదో ఎంపికగా రిచ్‌మండ్ తీసుకున్న పొడవాటి డిఫెండర్ జాష్ గిబ్‌కస్ 2022లో కుర్రతనం కనబడని ఆట ఆడాడు. తర్వాత తొడ కండరం గాయంతో 2023 పోయింది, 2024లో మోకాలి లిగమెంట్ తెగింది. అలాంటి కుర్రాడి గురించి ఇన్నేళ్లయినా ఇంకా కుదురుకోలేదేమని అడిగేవాళ్లను నేను స్వయంగా విన్నాను. క్యాలెండర్‌లో ఏళ్లు గడిచాయి నిజమే, కానీ మోసపోవడానికి, నేర్చుకోవడానికి అతనికి మ్యాచ్‌లు ఏవి? ఫిజియో గదిలో గడిపిన ఏడాదిని పాఠశాలకు వెళ్లిన ఏడాదిగా లెక్కించడం ఎక్కడి న్యాయం?

వైటరింగ్ 2020లో, కోవిడ్ వల్ల క్వార్టర్లను 16 నిమిషాలకు కుదించి ఆడిన ఆ చిత్రమైన సీజన్‌లో, కార్ల్‌టన్ ఉత్తమ ఆటగాడికిచ్చే జాన్ నికోల్స్ పతకం గెలిచాడు. 2013 తర్వాత పదేళ్లకు, 2023లో, జట్టు తిరిగి ఫైనల్స్ దశకు చేరినప్పుడు వెనక నిలబడింది అతనే. 2024లో తొలిసారి ఆల్ ఆస్ట్రేలియన్ అయ్యాడు. అది అతని తొమ్మిదో సీజన్. ఆ వార్త వచ్చిన రోజు ఆఫీసులో అందరూ తాము మొదటినుంచీ నమ్మామన్నారు. నా సహోద్యోగి మాత్రం నావైపు చూసి, నువ్వు అన్న మాట నాకు గుర్తుంది, నేనూ అన్నాను అన్నాడు. ఆ ఒప్పుకోలు నాకు నచ్చింది. అభిమానులు విమర్శించకూడదని నేను అనుకోను, టికెట్టు కొని వానలో తడుస్తూ కూర్చున్నవాడికి మాట్లాడే హక్కు ఉంది. కానీ డిఫెండర్ మీద పడిన గోల్స్ లెక్క చెప్పేవాడు, ఆ బంతి ఎక్కడ పోయిందో కూడా చెప్పగలగాలి.

మా అబ్బాయి ఇప్పుడు మా పడమటి శివారులోని పిల్లల క్లబ్బులో వెనక స్థానంలో ఆడుతున్నాడు. పొడుగ్గా ఉన్నాడని కోచ్ అక్కడ నిలబెట్టాడు. పోయిన సీజన్‌లో ఒక మ్యాచ్ తర్వాత కారులో కూర్చుని, "నాన్నా, నావాడు నాలుగు కొట్టాడు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ నాలుగింటిలో రెండు అతను పరుగెత్తి చేరే లోపే పడ్డాయని, ఒకసారి తన మనిషిని వదిలి పక్కవాణ్ని కాపాడబోయి మూడోది ఇచ్చాడని, అది మంచి తప్పని చెప్పాను. ఎంతవరకు ఎక్కిందో తెలియదు. మరుసటి శనివారం అతన్ని ప్రిన్సెస్ పార్క్‌లో జరిగే కార్ల్‌టన్ రెండో జట్టు మ్యాచ్‌కు తీసుకెళ్లాను. అక్కడ కంచె పక్కనే నిలబడి చూడవచ్చు, మైదానంలో అరుపులు కూడా వినబడతాయి. బంతి అవతలి కొసలో ఉన్నప్పుడు అటు చూడకుండా, మాకు దగ్గరగా ఉన్న 19 ఏళ్ల డిఫెండర్‌నే చూడమన్నాను. అతను ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసుకున్నాడు, పక్కవాడికి చేత్తో ఏదో చూపించాడు, తన మనిషిని వదిలి ఎడమవైపుకు ఆరడుగులు వేసి నిలబడ్డాడు. అవతల బంతి చిక్కించుకున్నవాడు తలెత్తి ఇటు చూసి, ఆగి, మరోవైపు తన్నాడు. "వాడు ఏం చేశాడు నాన్నా?" అని మా అబ్బాయి అడిగాడు. మ్యాచ్ అయ్యేదాకా మేమిద్దరం అదే మాట్లాడుకున్నాం.